ముప్పై దాటని బస్సు

మేడ మీద ముందుగది,
వానలు ఇంకా మొదలవలేదు

చెల్లెమ్మకు,

ఈ ఉత్తరం రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. మొన్నెప్పుడో కాగితం తీసి, పెన్ను రాస్తోందో లేదో చూడ్డానికి పైన గీతలు గీసి, ఇంకేం రాయాలో తోచక దాన్ని మడిచి కిటికీ రెక్క సందులో దోపేశాను. కిటికీ కొట్టుకోవడం ఆగింది. రాసినదానికంటే రాయనందువల్లే లాభం కనిపించింది. మీ వదిన చూసి, "ఆ గీతలే పంపించెయ్యండి, మీరు చెప్పేవాటిల్లోంచి అర్థం వెతుక్కోవడం ఆవిడకి చిన్నప్పట్నుంచీ అలవాటేగా" అంది.

ఫోను చేద్దామంటే నీ చెవిమిషను ఈల వేస్తుంది. నేను అరుస్తాను. మనింటి సంగతులు వీధి మొత్తానికి తెలుస్తాయి, నీకు తప్ప. అందుకని ఉత్తరమే.

సంగతేమిటంటే, మా వీధిలో వేగం తగ్గించారు. ఇన్నాళ్ళూ గంటకి యాభై కిలోమీటర్లలో పోనిచ్చారు, ఇకనుంచి ముప్పై. వీధికి రెండు చివర్లా గుండ్రటి బోర్డులు నిలబెట్టారు. ఇందులో నా చెయ్యి ఉందని నీకు తెలుసు. ఎదురింటాయన పాలప్యాకెట్టు కోసం రోడ్డు దాటుతూ కారు కింద పడి చనిపోయిన దగ్గర్నుంచీ, కింది వాటాలో లెక్కల మేడమూ నేనూ ఎక్కని ఆఫీసు మెట్టు లేదు. ఆవిడ చేతికర్రతో ముందు, నేను వెనక. ఆవిడ లెక్కలు చెప్పేది, నేను కథలు చెప్పేవాణ్ణి. లెక్కలకి లొంగనివాళ్ళు కథలు వినలేక సంతకం పెట్టేసేవాళ్ళు.

ఆఖరి ఆఫీసరు గట్టివాడు. "ఇరవై తగ్గిస్తే అందరికీ ఆలస్యం కావడం తప్ప ఒరిగేదేముందండీ?" అన్నాడు. తొందరపడితే ఏం పోతుందో చెప్పడానికి అప్పుడు నేను నా సినిమాహాలు సంగతెత్తాను. పెద్ద సినిమా వస్తే మా మేనేజరుకి ఐదో ఆట మీద మనసు పడేది. మిషను వేగంగా తిప్పితే హీరో గొంతు ఎలక గొంతులా వస్తుంది. కాబట్టి ఒక రీలు ఎత్తేయమనేవాడు. ఒకసారి దొంగని పట్టుకునే రీలు ఎత్తేయించాడు. జనం చూస్తూండగానే దొరలా తిరుగుతున్నవాడు మరుక్షణం జైల్లో ఉన్నాడు. ఆట అయ్యాక ఒక పెద్దమనిషి ఆపరేటరు గదిలోకి, అంటే నా దగ్గరికి, మెట్లెక్కి వచ్చి, "ఎలా పట్టుకున్నారో కనీసం నోటితో అయినా చెప్పండి, లేకపోతే నాకు నిద్రపట్టదు" అన్నాడు. చేసేదేముంది, ఆ ఇరుకు గదిలో నేనే దొంగనీ నేనే పోలీసునీ అయి చూపించాను.

ఇదంతా విని ఆఫీసరు నవ్వలేదు. సంతకం మాత్రం పెట్టాడు.

బుడ్డోడు బాగానే ఉన్నాడు. ఆరడుగుల నీ కొడుకుని ఇంకా బుడ్డోడనడమేమిటని డిపోలో తోటి డ్రైవర్లు నవ్వుతున్నారట, మానుకోలేకపోతున్నాను. వాడి బస్సు తిరిగేది మా వీధిలోంచే కదా, కిటికీలోంచి చూస్తూంటాను. పొద్దున్నే పోతాడు, చీకటిపడ్డాక వస్తాడు, తింటాడు, పడుకుంటాడు. చిక్కాడని మీ వదిన అంటుంది. ఆవిడ కళ్ళకి నేను తప్ప లోకమంతా చిక్కినవాళ్ళే. బాగానే ఉన్నాడు.

అన్నయ్య

*

కుట్టుమిషను పక్కన

అన్నయ్యకు,

నవ్వొచ్చే చోటల్లా నవ్వాను. తర్వాత మళ్ళీ మొదట్నుంచీ చదివాను. "బాగానే ఉన్నాడు" అని రెండుసార్లు రాశావు. నాన్న ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా "బాగానే ఉన్నారు" అని రెండేసిసార్లు రాసేవాడివి.

వాడు నాకు చెప్పాడు. మావయ్యతో అనొద్దన్నాడు, అయినా అంటున్నాను. రెండు మెమోలు ఇచ్చారట. ఒకటి ముప్పై దాటాడని, ఇంకోటి ఆలస్యంగా చేరాడని. బస్సులో ఏదో మిషను బిగించారట, ముప్పై దాటితే కూత పెడుతుందట, డిపోలో కూర్చున్నవాళ్ళకి తెలిసిపోతుందట. సరే, పెట్టుకోనీ. కానీ చివరి స్టాపుకి చేరాల్సిన టైము మాత్రం పాతదే ఉంచారట! యాభైలో పోయేటప్పటి టైము. పైగా టికెట్టు కూడా డ్రైవరే ఇవ్వాలి.

నేను పెద్దగా చదువుకోలేదు గాని ఒక్క మాట చెప్పు. బడిపిల్లల గౌన్లు కుడుతున్నాను కదా. మిషను నెమ్మదిగా తొక్కు, గౌన్లు మాత్రం ఎప్పటిలాగే సాయంత్రానికి ఇచ్చెయ్యి అంటే నేనేం చేస్తాను? జేబులు కుట్టడం మానేస్తాను. ఇంకేం దారి ఉంది?

మూడో మెమో వస్తే స్టీరింగు ముట్టుకోనివ్వరట. నీకు తెలుసు వాడి సంగతి. బట్టల కొట్టులో నిలవలేదు, కొరియర్ ఆఫీసులో నిలవలేదు, మీ మేనేజరు కొడుకు పెట్టిన ఫొటోస్టూడియోలో మూడోరోజే గొడవపడి వచ్చేశాడు. చిన్నప్పుడు అన్నం తినేసిన పళ్ళెం పట్టుకుని ఇల్లంతా బస్సు తిప్పినవాడు, చివరికి దాంట్లోనే నిలిచాడు. ఇది కూడా పోతే ఇక వాణ్ణి నేను పట్టలేను.

బోర్డు పెట్టించింది నువ్వు. వాడుండేది నీ ఇంట్లో. నేనేమీ అనడం లేదు. అంటున్నాననుకుంటే అనుకో.

వాడు మంచినీళ్ళు తాగుతున్నాడా? మొన్న గొంతు ఎండిపోయినట్టుంది.

చెల్లెలు

*

మేడ మీద ముందుగది,
ముసురు

చెల్లెమ్మకు,

అన్నావు. అనుకున్నాను.

మంచినీళ్ళ సంగతి నీకెలా తట్టిందో గాని, మీ వదిన అప్పటికే కనిపెట్టింది. పొద్దున నింపి ఇచ్చిన సీసా సాయంత్రం నిండుగానే తిరిగొస్తోంది. "ఏరా, నీళ్ళు చేదుగా ఉన్నాయా?" అని అడిగితే, "తాగితే దిగాలత్తయ్యా. దిగితే ఎక్కేలోపు టైమైపోతుంది" అన్నాడు. పూర్వం చివరి స్టాపులో టీ తాగి, కాళ్ళు చాపుకుని, నలుగురితో నాలుగు మాటలాడేంత వ్యవధి ఉండేదట. ఇప్పుడు బస్సు తిప్పడానికే సరిపోతోంది.

నేనూ మేడమూ డిపోకి వెళ్ళాం. షెడ్యూళ్ళు చూసే పెద్దమనిషి చాలా మర్యాదస్తుడు, కుర్చీలు వేయించాడు. మేడం కాగితం మీద లెక్క వేసి చూపించింది. అంత దూరమే, వేగం తగ్గింది, కాబట్టి టైము పెరగాలి. ఆయన శ్రద్ధగా చూసి, "లెక్క కరెక్టే మేడం. కానీ వేగం తగ్గించింది మునిసిపాలిటీ వాళ్ళు. వాళ్ళ దగ్గర్నుంచి మాకు కాగితం రావాలి" అన్నాడు. మునిసిపాలిటీ వాళ్ళ దగ్గరికి వెళ్తే, "బోర్డు పెట్టాం కదండీ, డిపోవాళ్ళకి కళ్ళు లేవా?" అన్నారు. తిరిగి వస్తూ మేడం అంది కదా, "ఆపరేటరుగారూ, ఈ లెక్క ఐదో తరగతిలో తప్పు చేసినవాళ్ళని నేను పాస్ చేసి పంపించాను. ఇప్పుడు అనుభవిస్తున్నాను."

బోర్డు తప్పు కాదమ్మా. ఆ బోర్డు పెట్టాక మా వీధిలో జనం తలెత్తుకుని రోడ్డు దాటుతున్నారు. అది నేను వెనక్కి తీసుకోను. కానీ నీ జేబుల మాట నా బుర్రలోంచి పోలేదు. నీ కొడుకు ఏ జేబు ఎగరగొడుతున్నాడా అని చూస్తూ వచ్చాను. మొన్న తెలిసింది.

పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామని స్టాపులో నిలబడ్డాను. ఇంకెవరూ లేరు. వాడి బస్సే వచ్చింది. మేనల్లుడి బస్సెక్కి దర్జాగా కూర్చుందామని గొడుగు మూసి చెయ్యెత్తాను. బస్సు సరిగ్గా ముప్పైలో, పద్ధతిగా, పెళ్ళివారి కారులా నా ముందునుంచి వెళ్ళిపోయింది. వాడు రోడ్డు వంకే చూస్తున్నాడు. ఎత్తిన చెయ్యి ఏం చెయ్యాలో తెలియక తల గోక్కున్నాను.

సాయంత్రం అడిగాను.

"ఏరా, నేను కనిపించలేదా?"

"కనిపించావు మావయ్యా."

"మరి?"

"నువ్వు గొడుగు ముయ్యాలి. కడ్డీ రెండు చేతులతో పట్టుకోవాలి. పైమెట్టు మీద నిలబడి చిల్లర వెతకాలి. తర్వాత నేనెలా ఉన్నానో అడగాలి. ఈలోపు సిగ్నలు పోతుంది."

"అయితే ఎవరెవర్ని వదిలేస్తున్నావురా?"

వాడు కంచంలోంచి తలెత్తలేదు. "నెమ్మదిగా ఎక్కేవాళ్ళని. ఒంటరిగా ఉంటేనే. ముగ్గురు నలుగురుంటే ఆపుతున్నాను."

"నెమ్మదిగా ఎక్కేవాళ్ళ కోసమేరా ఆ బోర్డు పెట్టించింది!"

"ఆ సంగతి బోర్డుతో చెప్పు మావయ్యా" అని చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మీ వదిన వెనక్కి తిరిగి నవ్వు ఆపుకుంటోంది. నాకు నవ్వు రాలేదు. పన్ను ఇంకా నొప్పిగానే ఉంది.

అన్నయ్య

*

కుట్టుమిషను పక్కన

అన్నయ్యకు,

నిన్ను వదిలేసి వెళ్ళాడని చదివి ముందు పకపకా నవ్వాను. పక్కింటావిడ వచ్చి ఏమైందని అడిగితే చదివి వినిపించాను కూడా. ఆవిడ నవ్వకుండా, "ఏదో ఒకరోజు ఎవరో బస్సు వెనకాల పరిగెత్తుతారమ్మా" అంది. అప్పట్నుంచీ కుట్టిన గౌనే విప్పి మళ్ళీ కుడుతున్నాను.

వాడికి చెప్పు. నువ్వు చెబితే వినడు, వదిన చేత చెప్పించు. పోనీ ఆలస్యమైనా సరే ఆపమను. లేదు, అలా చెబితే మూడో మెమో వస్తుంది. ఆపకుండా పొమ్మనడానికి నోరు రావడం లేదు. ఏం చెప్పాలో నాకే తెలియడం లేదన్నయ్యా. రాసి కొట్టేసి, మళ్ళీ రాస్తున్నాను.

ఒక్క పని మాత్రం చెయ్యకు. ఈ సంగతి మీ లెక్కల మేడంతో అనకు. ఆవిడ మంచిదే, కాదనను. కానీ తప్పు ఎక్కడుందో చెప్పకుండా ఉండలేని మనిషి.

పన్నుకి లవంగం పెట్టుకో.

చెల్లెలు

*

మేడ మీద ముందుగది,
వాన వెలిసింది

చెల్లెమ్మకు,

ఇది కూర్చుని చదువు.

మేడం పడిపోయింది. ప్రాణానికి భయం లేదు. తుంటి దగ్గర ఎముక విరిగింది, ఆపరేషను చేశారు. ఆస్పత్రిలో ఉంది.

ఎలా జరిగిందో ఉన్నదున్నట్టు రాస్తాను. కళ్ళ పరీక్షకి వెళ్ళాలని ఆవిడ పొద్దున్నే స్టాపుకి వెళ్ళింది. నేను వరండాలో నిలబడి టీ తాగుతున్నాను. ఆవిడ తలెత్తి కర్ర ఊపింది, నేను గ్లాసు ఊపాను. బస్సు వచ్చింది. ఆవిడ ఒక్కతే ఉంది. బస్సు ఆగలేదు. వేగంగానూ పోలేదు. అదే ముప్పై. నెమ్మదిగానే పోతోంది కదా, అందుకోవచ్చనుకుందో ఏమో, ఆవిడ నాలుగడుగులు పరిగెత్తింది. కర్ర తడిరాతి మీద జారింది.

నేను కిందికి దిగేసరికి ఇద్దరు ముగ్గురు పోగై ఉన్నారు. నన్ను చూసి ఆవిడ, "ఆపరేటరుగారూ, ముప్పై అంటే అందుకోదగ్గ వేగమేననుకున్నానండీ" అంది. ఆ స్థితిలో కూడా లెక్కే.

బస్సు ఎవరిదో నువ్వు అడగవు. నేనూ రాయను.

ఆవిడకి డ్రైవరెవరో తెలియదు. చూసింది బస్సు వెనక భాగమే. ఆస్పత్రివాళ్ళు పోలీసులకి చెప్పారు, వాళ్ళు డిపోకి చెప్పారు. విచారణ పెట్టారు. బుడ్డోడు ఏమని రాసిచ్చాడంటే, స్టాపులో బస్సు ఆపాను, తలుపు తెరిచాను, ఎవరూ లేరు, బయల్దేరాను, తర్వాత ఎవరైనా వెనకాల పరిగెత్తితే నాకు తెలియదు, అని. పోగైనవాళ్ళందరూ ఆవిడ పడ్డాక వచ్చినవాళ్ళే. మొదట్నుంచీ చూసిన మనిషి ఎవరైనా ఉన్నారా అని అధికారి ఆస్పత్రికెళ్ళి అడిగితే, ఆవిడ నా పేరు చెప్పింది. "ఆయన చూశారు, నాకు గ్లాసు ఊపారు" అందట. వచ్చే వారం రమ్మని కబురొచ్చింది.

ఇంట్లో ఎవరం దీని గురించి మాట్లాడుకోవడం లేదు. కూర బావుందంటాం, వాన తగ్గిందంటాం. నిన్న నేను పేపరు చదువుతూంటే వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. నా కళ్ళజోడు తీసుకుని చొక్కా అంచుతో తుడవడం మొదలుపెట్టాడు. ఎన్నాళ్ళకి వీడికి నా మీద ప్రేమ కలిగిందిరా అని ముచ్చటపడ్డాను. వెలుతురుకి ఎత్తి పట్టి చూసి, "అద్దాలకి గీతలు బాగా పడ్డాయి మావయ్యా. వీటిలోంచి నీకు రోడ్డు దాకా ఏం కనిపిస్తుంది?" అన్నాడు. నెమ్మదిగా, బతిమాలుతున్నట్టు.

నేను జోడు తీసుకుని పెట్టుకున్నాను. మీ వదిన వంటింట్లోంచి ఇవతలికి రాలేదు.

ఆవిణ్ణి అడిగాను, నన్నేం చెయ్యమంటావని. "మీరు మేడంతో కలిసి అన్ని ఆఫీసులూ ఎక్కారు. వాణ్ణి నేను రెండేళ్ళుగా నా చేత్తో పెట్టి పెంచుతున్నాను. నన్నడగకండి" అంది. ఈ ఇంట్లో ఆవిడకి తోచని సంగతి ఇంతవరకూ లేదు.

నీకు రాయడమెందుకంటే, నాకు ఇంకెవరూ లేరు. సలహా చెప్పు. చెప్పకపోయినా ఏదో ఒకటి రాయి.

అన్నయ్య

*

మిషను మూసేసి రాస్తున్నాను

అన్నయ్యా,

కనిపించలేదని చెప్పు.

నువ్వు అబద్ధం ఆడక్కర్లేదు. వాన వెలిసిన పొద్దు, అద్దాల మీద గీతలు, పైగా చేతిలో టీ. ఆగిందో లేదో గుర్తులేదని చెప్పు. నీ వయసులో ఎవరూ తప్పుపట్టరు. మేడం ఎముక నువ్వు నిజం చెప్పినంత మాత్రాన అతుక్కోదు. వాడి బతుకు మాత్రం విరుగుతుంది.

నీకు దాచిన మాట ఒకటుంది. రాయకపోతే ఈ రాత కూడా నీ "బాగానే ఉన్నాడు" లాంటిదే అవుతుంది. మెమోలు వచ్చాక వాడు ఫోను చేసి, ఏం చెయ్యనమ్మా అని ఏడ్చాడు. చెవిమిషను ఈల వేస్తున్నా ఆ ఏడుపు వినిపించింది. అప్పుడు నేనన్నాను, "ముసలివాళ్ళకి తొందరేముంటుందిరా, తర్వాతి బస్సులో వస్తారు, నువ్వు ఆఫీసుకెళ్ళేవాళ్ళని చూసుకో" అని. నేనే అన్నాను. నాకూ మోకాళ్ళు నొప్పులే, నేనూ కడ్డీ పట్టుకునే ఎక్కుతాను. అయినా అన్నాను.

మొన్న మళ్ళీ ఫోను చేశాడు. ఆవిణ్ణి చూశాడట. ఎవరో గుర్తుపట్టాడట కూడా. "మన కింది మేడమేనమ్మా. ఆవిడ ఎక్కేసరికి నా పని అయిపోతుందనుకున్నాను, నువ్వు చెప్పిందే గుర్తొచ్చింది" అన్నాడు.

అందుకని ఆ విరిగిన ఎముకలో నా పాలు కూడా ఉంది. శిక్ష వాడొక్కడికే పడితే నేను తట్టుకోలేను. ఎప్పుడూ నిన్ను ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నాను. నువ్వు వాడి మావయ్యవి.

చెల్లెలు

*

అన్నయ్యకు,

విచారణ అయిపోయి ఉండాలి. ఉత్తరం రాలేదు. వాడూ ఫోను చెయ్యడం లేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. పోస్టు వచ్చే వేళకి గుమ్మంలో కూర్చుంటున్నాను. ఏదైనా సరే, ఒక్క ముక్క రాయి. గీతలు గీసి పంపినా సరే.

చెల్లెలు

*

మేడ మీద ముందుగది

చెల్లెమ్మకు,

నిన్ను ఇన్నాళ్ళు గుమ్మంలో కూర్చోబెట్టాను. కాగితం తియ్యడానికి చెయ్యి రాలేదు.

కనిపించలేదని చెప్పమన్న నీ ఉత్తరం విచారణకి ముందే అందింది. ఆలస్యంగా వచ్చిందని రాసేద్దామా అని కూడా అనుకున్నాను. జేబులో పెట్టుకునే వెళ్ళాను.

డిపో మేడ మీద పొడుగాటి గది. బల్లకి అటువైపు అధికారి, పక్కన రాసుకునే ఆయన. బుడ్డోడు గోడవార నిలబడ్డాడు, ఉతికిన యూనిఫారం వేసుకున్నాడు. నాకు కుర్చీ వేశారు. కిటికీలోంచి కింద బస్సులు కడుగుతున్న చప్పుడు. దారిపొడుగునా రెండు జవాబులూ మననం చేసుకుంటూ వచ్చాను, ఏది నోట్లోంచి వస్తుందో అప్పటికీ నాకు తెలియదు. తోడుగా వచ్చిన మీ వదిన బయట బెంచీ మీద కూర్చుంది, లోపలికి రానంది.

"ఆ రోజు స్టాపులో బస్సు ఆగిందా?" అని అడిగాడు అధికారి.

"ఆగలేదండి" అన్నాను.

అదే వచ్చింది. ఎందుకని అడగకు. మేడం కర్ర ఊపిందమ్మా. నేను గ్లాసు ఊపాను. అంతకంటే నా దగ్గర కారణం లేదు.

వెంటనే, ఊపిరి తీసుకోకుండా, మిగతాదంతా చెప్పేశాను. యాభై నాటి టైముకి ముప్పైలో చేరమంటున్నారని, ఈ కుర్రాడు పగలంతా గుక్కెడు నీళ్ళు తాగడం లేదని, నేనూ మేడమూ ఇదే డిపోకి లెక్క వేసుకుని వచ్చామని, కుర్చీలు వేసి కూర్చోబెట్టి పంపించారని, వాడి స్థానంలో ఎవరున్నా ఎవరో ఒకర్ని వదిలెయ్యాల్సిందేనని. నా కథలన్నిటిలోకీ పొట్టిది, నిజమైనది. రాసుకునే ఆయన నా మొదటి మాట రాసుకున్నాడు. మిగతాది మొదలయ్యేసరికి పెన్నుకి మూత పెట్టేశాడు. "అవి ఈ విచారణలోకి రావండి" అన్నాడు అధికారి, మర్యాదగానే.

తర్వాత బుడ్డోడి వైపు తిరిగి, "ఈయనకి చూపు సరిగ్గా లేదని అంటావా?" అని అడిగాడు. ఒక్క మాట చాలు, సగం పైగా బయటపడేవాడు. వాడు నా వైపు చూశాడు. నా జోడు వైపు చూశాడు.

"లేదు సార్. మావయ్య చూపు బాగానే ఉంటుంది" అన్నాడు.

స్టీరింగు తీసేశారు. ఉద్యోగం మొత్తంగా తియ్యలేదు, కడిగే షెడ్డులో వేశారు. మళ్ళీ ఎప్పుడు బస్సెక్కనిస్తారో చెప్పలేదు, ఎక్కనిస్తారో లేదో కూడా చెప్పలేదు. బయటికి వచ్చాక మీ వదిన వాడి భుజం మీద చెయ్యి వేసింది. వాడు ఆ చెయ్యి తియ్యలేదు, నాతో మాత్రం మాట్లాడలేదు. ఆ సాయంత్రమే పెట్టె సర్దుకుని డిపో దగ్గర స్నేహితుడి గదికి వెళ్ళిపోయాడు. మీ వదిన గుమ్మం దాకా వెళ్ళి, "భోజనానికి రారా" అంది. "చూస్తానత్తయ్యా" అన్నాడు. నీ ఫోను ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలియదు. నీ మీద కోపం కాదనుకుంటాను. నీకు ఏం చెప్పాలో తెలియక అయ్యుంటుంది. నాకూ అంతే అయింది కదా.

మేడం ఇంటికి వచ్చింది. నాలుగుకాళ్ళ స్టాండు పట్టుకుని గదిలో అటూ ఇటూ నడుస్తోంది. డ్రైవరెవరో నేనే వెళ్ళి చెప్పాను. "మీ పొడుగు కుర్రాడా? నా గ్యాసుబండ మోసి పెట్టేవాడు" అంది. తర్వాత, "మీరు చెప్పకుండా ఉండాల్సిందనడానికి నాకు మనసు ఒప్పడం లేదు, చెప్పినందుకు సంతోషమనడానికీ ఒప్పడం లేదు" అంది. ఆ వెంటనే టీ పెట్టమంది.

నీ పాలు గురించి రాశావు. పంచుకోవడానికి కూర్చుంటే అందరికీ తలా కాస్త వస్తుంది, నాకు కాస్త ఎక్కువే వస్తుంది. వేగం తగ్గించమని అన్ని ఆఫీసులు తిరిగినవాణ్ణి, ఆ వేగంతో బతకాల్సినవాడు నా ఇంట్లోనే ఉన్నా వాణ్ణి ఒక్క మాట అడగలేదు. దాని గురించి ఇంకా రాయగలను, కానీ రాస్తే అది కూడా కథయి కూర్చుంటుంది.

మొన్న స్టాపులో కొత్త టైములు అతికించారు. ప్రతి ట్రిప్పుకీ వ్యవధి పెంచారు. పెంచినట్టు ఎవరికీ చెప్పలేదు, ఎందుకు పెంచారో కూడా రాయలేదు. ఇప్పుడు ఆ రూటులో తిరిగేది ఎవరో కొత్తవాడు.

నిన్న మధ్యాహ్నం బుడ్డోడు వచ్చాడు. నేను వరండాలోనే ఉన్నాను. తీగ మీద మిగిలిపోయిన వాడి బట్టలు తీసుకున్నాడు. ఒక చొక్కా ఇంకా తడిగా ఉంది. దాన్ని పిండి మళ్ళీ తీగ మీదే వేసి, క్లిప్పు పెట్టి, వెళ్ళిపోయాడు.

అన్నయ్య